పుస్తకం తెరవగానే మనవరాలు పారిపోతోంది. మీ ఇళ్ళల్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఎలా చదువుతున్నారు?

కృష్ణలంక తాతయ్య (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్ళు, ఉద్యోగం నుంచి రిటైరై తొమ్మిదేళ్ళయింది. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి మనవరాలు బడి నుంచి నేరుగా మా ఇంటికే వస్తుంది. రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. నాలుగింటి నుంచి ఏడింటిదాకా మా దగ్గరే ఉంటుంది.

జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్ళి తనకోసమని తొమ్మిది తెలుగు కథల పుస్తకాలు కొన్నాను. మంచి బొమ్మలున్నాయి, అక్షరాలు పెద్దవి. రోజూ పాలు తాగాక పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తున్నాను. "కళ్ళు" అని ఉంటే "కల్లు" అంటుంది. "భయం" అని ఉంటే "బయం" అంటుంది. సరిచేస్తాను. రెండు పేజీలయ్యేసరికి నీళ్ళు కావాలంటుంది, బాత్రూమ్ అంటుంది, ఆ తర్వాత ఫోన్ అడుగుతుంది. మొన్న పుస్తకం మూసేసి నా మొహంలోకి చూసి ఒక మాట అంది: "తాతయ్యా, నువ్వు కథ వినట్లేదు. నా తప్పులు వింటున్నావు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తను తెలుగు చదవాలన్న ఆశ నాకు చాలా ఉంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో మీలో అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

---

ఓరుగల్లు నానమ్మ (వరంగల్)

అన్నా, ముందు ఆ పాపతో చదివించుడు కొన్నాళ్ళు ఆపండి. మీరు చదవండి, ఆమె వింటది. అంతే.

నా మనవడికి ఐదేళ్ళు. పేజీ తిప్పే పని వాడిది, చదివే పని నాది. వాడు తిప్పేదాకా నేను ముందుకు పోను. ఒక్కోసారి ఒకే బొమ్మ మీద పది నిమిషాలు ఆగుతడు. గోడ మీద బల్లి ఉందా, చెట్టెనక కుక్క తోక కనబడుతుందా, అన్నీ వెతుకుతడు. ఏనుగు, చీమ ఉన్న ఒక పుస్తకం ఇరవై రోజులు వరుసగా అదే చదివించుకున్నడు. నాకు విసుగొచ్చి ఒక రాత్రి రెండు లైన్లు ఎగరగొట్టిన. వెంటనే పేజీ మీద చెయ్యి పెట్టి "నానమ్మా, చీమ ఏడ్చింది చదవలే" అన్నడు. వాడికింకా అచ్చులే సరిగ్గ రావు. కానీ ఏ బొమ్మ కింద ఏ మాట ఉందో మొత్తం లోపల పెట్టుకున్నడు.

ఇప్పుడు వాడే పుస్తకం పట్టుకుని చెల్లెలికి చదువుతడు. గుర్తున్నది చెప్తున్నడని తెలుసు, అయినా వేలు లైన్ల మీదనే నడుస్తది.

---

బడిపంతులు (ప్రకాశం జిల్లా)

ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. నానమ్మ గారు చెప్పినదే అసలు విషయం. దానికి కారణం కూడా చెబుతాను.

తెలుగులో అక్షరాలు 56 అని చెప్పుకుంటాం. గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లల కళ్ళముందుకొచ్చే రూపాలు వందల్లో ఉంటాయి. క ఒత్తు, ద ఒత్తు అసలు అక్షరాల్లాగే ఉంటాయి. త, న, మ, య, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఇంట్లో తెలుగే మాట్లాడే రెండో తరగతి పిల్లకి, చెవితో విని అర్థం చేసుకునే శక్తి కంటితో చదివే శక్తికంటే చాలా ముందుంటుంది. తను రాక్షసుడి గుహ దాకా వెళ్ళగలిగే మనిషి. మనం "కళ్ళు" దగ్గరే ఆపేస్తే కథ చచ్చిపోతుంది.

నేను బడిలో చేసేది ఇది. మొదట నేను చదువుతాను, వేలు మాట కింద మెల్లగా జరుపుతూ. రెండోసారి ఇద్దరం కలిసి చదువుతాం. మూడోసారి పిల్లలు, నేను వింటాను. "కల్లు" అంటే ఆపను. పేజీ అయ్యాక "అబ్బ, ఆ పులికి ఎంత పెద్ద కళ్ళో!" అని నేను ళ వత్తి పలుకుతాను. విన్న చెవి తనంతట తానే దిద్దుకుంటుంది. ఒక్క రోజులో కాదు, ఒకటి రెండు నెలల్లో.

ఇంకొకటి. కథ అవగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడగొద్దు. మధ్యలో ఆగి "ఇప్పుడేం జరుగుతుందంటావు?" అని అడగండి. మొదటి ప్రశ్న పరీక్షలా ఉంటుంది. రెండో ప్రశ్నకు పిల్లలు లేచి నిలబడి మరీ జవాబు చెప్తారు.

పుస్తకాల ఎంపిక కూడా చూడండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవి ముందు కావాలి. సికింద్రాబాద్‌లోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ చిన్న పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం, ఇవన్నీ తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది. అందులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. నేను నాలుగైదు కథలు దించుకుని జిరాక్స్ షాపులో రంగుల్లో ప్రింటు తీయించి, అంచు కుట్టించి తరగతిలో తాడు మీద వేలాడదీశాను.

---

డల్లాస్ అమ్మ (టెక్సస్)

మాస్టారు గారూ, మూడుసార్ల పద్ధతి రాసిపెట్టుకున్నాను. మా అమ్మ తెనాలిలో ఉంటుంది. మా బాబుకి నాలుగేళ్ళు. వాళ్ళిద్దరి చదువు అంతా వీడియో కాల్‌లోనే.

పోయిన సంవత్సరం ఇండియా వచ్చినప్పుడు ఒక్కో పుస్తకం రెండేసి కాపీలు కొన్నాను. ఒకటి అమ్మ దగ్గర, ఒకటి మా దగ్గర. అమ్మ చదువుతుంది, వీడు తన కాపీలో పేజీ తిప్పుతాడు. పుస్తకం కెమెరాకి చూపిస్తూ చదివితే వీడు రెండు నిమిషాలు కూడా కూర్చునేవాడు కాదు. చేతిలో పుస్తకం పెట్టాక పావుగంట కూర్చుంటున్నాడు. మొదట్లో అమ్మ ఫోన్‌లో తన బొమ్మ తనకు తిరగబడి కనిపించేది. అక్షరాలు వాడికి కూడా తిరగబడే కనిపిస్తున్నాయని అమ్మకి ఒకటే బాధ. పుస్తకాన్ని అద్దం ముందు పెట్టి చూపించే ప్రయత్నం కూడా చేసింది. అది తన తెర మీద మాత్రమేనని, మాకు సరిగ్గానే కనిపిస్తుందని స్క్రీన్‌షాట్ పంపితే అప్పుడు నమ్మింది.

ఇక్కడ రాత్రి ఏడున్నర వాడి నిద్ర టైము. చలికాలంలో అప్పుడు తెనాలిలో పొద్దున్న ఏడు. మార్చిలో ఇక్కడ గడియారాలు ముందుకు జరిపాక అక్కడ ఆరే అవుతుంది. అమ్మ ఐదున్నరకే లేచి, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని పుస్తకం ముందు కూర్చుంటుంది. "వాడు చూసే నేను నీట్‌గా ఉండాలి" అంటుంది.

పిల్లలకు తెర చూపించవద్దు కదా అని నాకు టెన్షన్ ఉండేది. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు, 18 నెలల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌ని మాత్రం మినహాయించారు. అది చదివాక నిశ్చింతగా ఉన్నాను.

---

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

చదువు వచ్చిన పెద్దవాళ్ళ గురించే అందరూ రాస్తున్నారు. మా ఇంట్లో జేజికి, అంటే నాయనమ్మకి, అక్షరం ముక్క రాదు. ఆమె సంగతి కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నా.

మావాడికి ఎనిమిదేళ్ళు. వాడు చదువుతాడు, జేజి వింటుంది. నిజానికి అక్కడ చదువు చెప్పేది జేజే. ఒక కథలో "కాడి" అని వచ్చింది. వాడు గడగడా చదివేసి ముందుకు పోయాడు. జేజి ఆపి "కాడి అంటే ఏందిరా?" అనింది. వాడికి తెలీదు. లేపి పెరట్లోకి తీసుకుపోయి, అటక కింద పడేసిన పాత కాడిమాను చూపించింది. ఎద్దు మెడ ఆని ఆని కర్ర నున్నగా అరిగిపోయిన చోట వాడి చెయ్యి పెట్టించింది. ఆ కాడి మోసిన రెండు ఎద్దుల పేర్లూ చెప్పింది. ఒకటి ఎట్లా జారి బావిలో పడిందో, ఊరంతా తాళ్ళేసి ఎట్లా పైకి లాగారో చెప్పింది. పుస్తకంలో కథ ఆ రోజు ముందుకు సాగలేదు. ఎవరికీ దిగులు లేదు.

మాటల్లేని బొమ్మల పుస్తకాలు కూడా తెచ్చి పెట్టినాను. ఒకే బొమ్మకి జేజి రోజుకొక కథ చెప్తుంది.

---

ఓరుగల్లు నానమ్మ

ఎద్దు ముచ్చట చదివి మా ఇంట్లో అందరికీ వినిపించిన. మీ జేజికి నా దండాలు.

---

సింహపురి (నెల్లూరు)

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. జేజి గారి గురించి చూశాక రాయాలనిపించింది.

మా అమ్మ బడికి వెళ్ళలేదు. 1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరుగుతున్నప్పుడు మా ఊళ్ళో రాత్రి బడి పెట్టారు. అప్పుడు అమ్మకి 34 ఏళ్ళు. పొలం పని నుంచి వచ్చి, అన్నం వండి, మాకు పెట్టి, పలకా బలపం కొంగులో చుట్టుకుని వెళ్ళేది. ఆ వాచకాల్లో సారా మీద రాసిన సీతమ్మ కథ చదివే మా జిల్లాలోని దూబగుంట గ్రామం ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మా అమ్మ ఆ రోజుల్లో ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి సారా కొట్టు ముందు కూర్చుంది. ఆ విషయం ఇప్పటికీ మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు చెప్తుంది.

తర్వాత చదవడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. బస్సు బోర్డులు, రేషన్ కార్డు, అంతవరకే. ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. మా పాప ఒకటో తరగతికి వచ్చాక పుస్తకాలు ఇంటికి రావడం మొదలైంది. ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఇద్దరూ వసారాలో ఒకే పుస్తకం మీద వంగి ఉన్నారు. అమ్మ "ప... డ... వ... పడవ" అంటోంది. పాప కూడా అంతే, "పడవ... మీ... ద" అని కూడబలుక్కుంటోంది. ఇద్దరి వేగం ఒకటే. ఒకరి తప్పు ఇంకొకరికి తెలీదు కాబట్టి ఎవరూ ఎవరినీ ఆపట్లేదు. "స్త్రీ" దగ్గర మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. అమ్మ వేలు ఆ అక్షరం కింద అలాగే ఉంది. స కింద త ఒత్తు, దానికి ర ఒత్తు, పైన గుడిదీర్ఘం. పాప ఒక్కొక్కటీ విడదీసి చెప్పింది. అమ్మ కలిపి పలికింది. పలికి నా వైపు చూసింది.

నేను మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాను.

---

కృష్ణలంక తాతయ్య

సింహపురి బాబూ, మీ అమ్మగారికి నమస్కారం. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపిస్తుంటే గొంతు పూడుకుపోయింది. నేను తప్పులు దిద్దడం మానేసి ఇవాళ్టికి మూడు రోజులు. ప్రస్తుతానికి నేనే చదువుతున్నాను. తను వింటోంది, కానీ కాస్త అనుమానంగా చూస్తోంది.

---

రెండో అమ్మ (హైదరాబాద్)

ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. మా పాపకి ఆరేళ్ళు. తను మా ఆయన మొదటి భార్య కూతురు. ఆవిడ చనిపోయారు. నేను వచ్చి రెండేళ్ళు. మా అత్తగారు చాలా మంచివారు. రోజూ రాత్రి పాపకి పాత కథల పుస్తకం చదువుతారు. వాటిలో సగం కథల్లో సవతి తల్లి ఉంటుంది. అన్నం పెట్టదు, అడవికి పంపిస్తుంది. మొన్న పాప నన్ను వంటింట్లో పట్టుకుని "నువ్వు సవతి తల్లివా?" అని అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను. అత్తగారికి ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. ఆవిడ కావాలని చదవట్లేదు, అది నాకు తెలుసు.

---

పాత పుస్తకాల పెట్టె (రాజమండ్రి)

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ పాత కథలు మార్చి చదవడం నాకు ఇష్టం ఉండదు. మనమంతా అవే విని పెరిగాం. రాక్షసుడూ ఉండాలి, చెడ్డవాళ్ళూ ఉండాలి. పిల్లలు కథనీ ఇంటినీ వేరు చేసుకోగలరు.

---

బడిపంతులు

పెట్టె గారూ, రాక్షసుడు ఏ పిల్లవాడి ఇంట్లోనూ ఉండడు. సవతి తల్లి ఈ పాప ఇంట్లో ఉన్నారు, రోజూ జడ వేస్తున్నారు. రెండూ ఒకటి కాదు. గయ్యాళి భార్య, కుంటివాడు, నల్లగా ఉన్న పిల్ల, ఇలాంటివి పాత కథల్లో చాలా ఉన్నాయి. నా తరగతిలో కూడా ఆ పిల్లలు కూర్చుని ఉంటారు. అందుకే బడిలో చదివేముందు ప్రతి కథా నేను ఒకసారి చదువుకుంటాను. కొన్ని పక్కన పెట్టేస్తాను.

---

ఓరుగల్లు నానమ్మ

బిడ్డా, మీ అత్తమ్మకు నేరుగా చెప్పు. పాప అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పు, ఇంకేం కలపకు. మనవరాలి కోసం రోజూ రాత్రి పుస్తకం పట్టుకునే మనిషి ఈ మాట తప్పక అర్థం చేసుకుంటది. నా తరఫున ఇంకో మాట. వారానికి రెండు రోజులు నువ్వు చదువు. పాప నీ గొంతుతో కూడా కథ వినాలె.

---

రెండో అమ్మ

చెప్పాను. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు. రాత్రి పాపని మా ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకుని, మా ఆయన చిన్నప్పుడు గేదె మీద ఎక్కి చెరువు మధ్యకి వెళ్ళిపోయిన సంగతి చెప్పారు. పాప పడీ పడీ నవ్వింది. శనివారం ముగ్గురం కలిసి కొత్త పుస్తకాలు కొనడానికి వెళ్తున్నాం.

---

శాఖా గ్రంథాలయం (పశ్చిమ గోదావరి)

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. పొద్దున్నే పెద్దవాళ్ళు పేపర్ల కోసం వస్తారు. సాయంత్రం కూడా కొందరు వస్తారు. వాళ్ళలో ఒక పెద్దాయన మనవణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఆయన పేపరు చదువుతుంటే వాడు పిల్లల బీరువా దగ్గర నేల మీద కూర్చుని పుస్తకాలన్నీ పరిచేస్తాడు. ఆయన పేపరు అయ్యాక వాడు ఎంచుకున్నది ఇద్దరూ కలిసి చూస్తారు. నేను ఆ పుస్తకాలు సర్దడానికి తొందరపడను.

మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. అంటే ఈ పుస్తకాలు మీవే. కొద్దిపాటి డిపాజిట్ కడితే ఇంటికి తీసుకెళ్ళొచ్చు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి, పిల్లలకు కథల పోటీలు పెడతాం. దయచేసి మనవల్ని తీసుకుని రండి. తెరిచే చెయ్యి లేక పిల్లల బీరువాలో చాలా పుస్తకాలు కొత్తవి కొత్తవిగానే ఉండిపోతున్నాయి.

---

భీమిలి రోడ్డు (విశాఖ)

కళ్ళ గురించి ఎవరూ రాయలేదు. నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలుండేవి. మనవరాలు పుస్తకం తెస్తే "తర్వాత తర్వాత" అనేవాణ్ణి. తనంటే నాకు ఇష్టం లేదనుకుందట. వాళ్ళమ్మతో చెప్పుకుని ఏడ్చింది. అది తెలిశాకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ఏ రోజుకారోజు ఇంటికి పంపించేశారు. కొన్ని వారాలు చుక్కల మందు వేసుకున్నాను. దూరం చూపుకి సరిపోయే లెన్సు వేశారు కాబట్టి దగ్గర చదవడానికి కళ్ళద్దాలు కావాలి. అవి వచ్చిన రోజున తన పుస్తకంలో నెమలి ఈక మీద నీలం రంగు చూసి, ఇన్నాళ్ళూ అది బూడిద రంగనుకున్నానని తెలిసింది.

పెద్దవాళ్ళు చదవట్లేదంటే ఒకసారి కళ్ళు చూపించండి. చాలామంది పైకి చెప్పరు. దీపం వెనకనుంచి పడేట్టు కూర్చుంటే ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

---

కృష్ణలంక తాతయ్య

మూడు వారాలైంది. జరిగింది చెప్పాలి కదా.

మా నాన్నగారు చందమామ సంచికలు ఏడాదికొకటి చొప్పున బైండు చేయించి ఉంచారు. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. మా ఇంట్లో మిగిలినవి 1960ల నాటి నాలుగు బైండ్లు. పాత కథల గురించి ఇక్కడ జరిగిన చర్చ మనసులో పెట్టుకుని, ముందు నేను చదువుకుని కొన్ని కథలకు కాగితం గుర్తు పెట్టుకున్నాను. రచయిత కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం చూసిన ఏళ్ళవి కావడంతో భాష ఎంత తేలికో! రెండో తరగతి పిల్లకి ఒక్క వాక్యం కూడా విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

కానీ తనని పట్టుకున్నది కథలు కాదు. చివర్లో రెండు ఫోటోలు వేసి, వాటికి జంటగా వ్యాఖ్యలు పంపమని పోటీ పెట్టేవాళ్ళు, గుర్తుందా? ఒకదాంట్లో చెరువులో ఈదుతున్న పిల్లవాడు, ఇంకోదాంట్లో చెట్టెక్కిన పిల్లవాడు. "మనం కూడా రాద్దాం తాతయ్యా" అంది. నేను "నీటిలో చేప" అన్నాను. తను చెట్టు ఫోటో చూసి కాసేపు ఆలోచించి "కొమ్మలో కోతి" అంది. ఆ రెండు వ్యాఖ్యలూ తనే ఒక కాగితం మీద రాసింది. కొమ్మలో మ ఒత్తు ఎలా రాయాలో నన్ను అడిగింది. నేను చెప్పలేదు, తనే అడిగింది. ఆ కాగితం ఆ పేజీలోనే పెట్టింది. ఇప్పటికి పదకొండు కాగితాలయ్యాయి.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని చదువుతున్నాను. కళ్ళు లాగుతుంటే తెలియకుండానే ఒక లైను దాటేశాను. తను నా చేతి మీద చెయ్యి పెట్టి ఆపి, వేలు కింద పెట్టి ఆ లైను మొత్తం తనే చదివింది. "ముసలివాడి కల్లు చెమర్చాయి" అని చదివింది. నేను మాట్లాడలేదు. ఆ తర్వాత లైను నేను అందుకున్నాను.

నానమ్మ గారికి, మాస్టారు గారికి, అందరికీ ధన్యవాదాలు. ఒక సాయం కావాలి. రోజూ తీసి తీసి 1966 బైండు అట్ట ఊడిపోతోంది, మధ్యలో పేజీలు పెళుసెక్కాయి. పాత పద్ధతిలో దారంతో కుట్టి కాలికో అనే నూలు గుడ్డతో బైండింగ్ చేసేవాళ్ళు విజయవాడలో ఇంకా ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి. లోపల కాగితాలు పోకుండా చేయించాలి. తను కూడా వస్తానంటోంది.